పసుపు పెట్టిన తెర

"పెట్టె దిగింది! పెట్టె దిగింది!"

శనివారం మధ్యాహ్నం చొప్పదండి బస్సు మా కాలేజీ గేటు ముందు ఆగగానే దశరథం పెట్టిన కేక మెస్సు దాకా వినపడింది. చేతిలో ముద్ద ఉన్నవాళ్ళం ఉన్నట్టే లేచి ఉరికాం. కండక్టర్ బస్సు మీదినుంచి దించిన రేకుపెట్టెను దశరథం పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొదివి పట్టుకుని వస్తున్నాడు. లోపల సినిమా రీళ్ళు. హైదరాబాద్ నుంచి మా కాలేజీకి వచ్చిన మొట్టమొదటి సినిమా.

దశరథం పోయి ఇంకా ఏడాది తిరగలేదు. అతణ్ణి తలుచుకుంటే నా మనసు ఆస్పత్రి మంచం దగ్గరికి పోవడానికి ఒప్పుకోదు. ఆ బస్సు దగ్గరికే పోతుంది. పోనీ, అక్కడినుంచే చెబుతాను.

అది డెబ్బై మూడో సంవత్సరం. కరీంనగర్ నుంచి చొప్పదండి పోయే దారిలో, గుట్ట పక్కన మా కాలేజీ. హాస్టలుకు రెండు పొడుగాటి పెంకుటిళ్ళు, ఒక మెస్సు, ఒక బావి, బావి వెనక నున్నటి పెద్ద బండ. చదివేవాళ్ళమంతా అక్కడే ఉండాలి. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, గంట కొడితే దీపం ఆర్పాలి. ఆదివారం ఒక్కరోజే గంట ఊరుకునేది. ఆ రోజు మేము గోడ దూకి కరీంనగర్ టాకీసుకు పోయేవాళ్ళం. ఒకసారి ఒకడు గోడ మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాంతో ప్రిన్సిపాల్ సీతారాంరావు సారు ఆదివారం పూట గేటు దగ్గర ఒక మనిషిని, గోడ మీద గాజుపెంకులను పెట్టించారు.

దశరథం, నేను ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాళ్ళది సిరిసిల్ల. వాళ్ళ నాయన సిద్దిరాములు ఒక షావుకారు దగ్గర మరమగ్గాల మీద పనిచేసేవాడు. వాటిని అక్కడ సాంచలు అంటారు. తల్లి శంకరవ్వ ఇంట్లో నూలు కండెలు చుట్టేది. సాంచల చప్పుడులో పుట్టి పెరిగినవాడు కాబట్టి దశరథానికి మా హాస్టల్ నిశ్శబ్దం పడేది కాదు. కొత్తలో నిద్రపట్టక మంచం పట్టె మీద వేళ్ళతో టకటకమని కొట్టుకునేవాడు. "నిద్రపో రా" అని నేను కసిరితే, "నా జోలపాట నేనే పాడుకుంటున్న, నీకేం నొప్పి?" అనేవాడు.

ఫిజిక్స్ ల్యాబులో బీరువా మీద ఒక పాత సినిమా మిషను దుమ్ము పట్టి ఉండేది. కాలేజీ నడిపే సొసైటీ సభ్యుడొకరు ఎప్పుడో కానుకగా ఇచ్చిందట. దాన్ని దశరథం కిందికి దించి, ఊడదీసి, తుడిచి, తెగిన బెల్టు బదులు సిరిసిల్ల నుంచి తెచ్చిన పట్టీ వేసి, నెల తిరగకముందే తిరిగేటట్టు చేశాడు. చేసి ఊరుకోలేదు. నన్ను వెంటపెట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికి పోయాడు.

"సార్, మేము సినిమా దగ్గరికి పోవద్దంటున్నరు. సినిమానే మా దగ్గరికి వస్తె?"

సీతారాంరావు సారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన అద్దాలు తుడుచుకుంటే మంచికో చెడుకో తెలిసేది కాదు.

"మిషను ఎవలు నడుపుతరు?"

"నేను నడుపుత సార్. సాంచ నడిపిన చేతులే ఇవి."

"ఖరాబైతే?"

"ఖరాబైనదాన్నే బాగు చేసిన సార్."

సారు మూతి మీద నవ్వు మెరిసి మాయమైంది. "ఒక్క ఆదివారం చూస్త. సొసైటీ అధ్యక్షుల వారిని పిలుస్త. ఆట సక్కగ నడిస్తె ప్రతి ఆదివారం సినిమా. నడిపినోనికి మెస్సుల తిండి కాలేజీదే. సక్కగ నడువకపోతె మాత్రం ఆ మిషను మళ్ళ నా కండ్ల పడొద్దు."

బయటికి వచ్చాక దశరథం నా భుజం పట్టుకుని ఊపేశాడు. ఎందుకంత సంబరమో మాలో నాకొక్కడికే తెలుసు. వాళ్ళ నాయనకు దగ్గు ముదిరింది. సాంచ మీద ఇంకో మనిషి కావాలి. "ఉగాది దాక చూస్త. నీ తిండి నువ్వు చూసుకుంటె చదువుకో. లేకుంటె పుస్తకాలు కట్టిపెట్టి ఇంటికి రా" అని ఆయన కబురు పెట్టాడు. అప్పటికి హోలీ రెండు మూడు రోజుల్లో ఉంది. అంటే ఉగాది వాకిట్లోనే ఉంది. ఆదివారం ఆట నడిస్తే దశరథం కాలేజీలో ఉంటాడు, నడవకపోతే ఇంటికి పోతాడు.

మిషను ఉంది, సినిమా వస్తుంది. మరి తెర? మెస్సు గోడలు వంటపొగకు నల్లగా మెరుస్తున్నాయి. చెన్నూరు దొరల పిల్లవాడు శ్యాంసుందర్‌రావు మా అందరికంటే పెద్ద గొంతున్నవాడు. "మా ఇంట్ల పెండ్లిపందిరికి కట్టే చాందినీ ఉన్నది, తెప్పియ్యాల్నా?" అన్నాడు.

"ఎర్రపూల చాందినీ మీద సినిమా ఏసుకొని మీ ఇంట్ల పెండ్లి చెయ్యి దొరా," అన్నాడు దశరథం. "సిరిసిల్లోన్ని పక్కల పెట్టుకొని బట్ట లేదని ఏడుస్తరేందిరా? మా ఇంటినుంచి వస్తది తెర. అద్దం లెక్క ఉంటది సూడుండ్రి."

ఆ మాట సిరిసిల్లకు పోయింది. కొడుకును సాంచ మీదికి రమ్మన్న నాయనే షావుకారును బతిమాలి, మిగిలిన నూలుతో, దగ్గుకుంటూ తెల్లటి బట్ట నేశాడు. శంకరవ్వ మూడు పన్నాల బట్టను పక్కపక్కన కలిపి చేత్తో కుట్టింది. కుట్టిన బట్టను ఇంకొకరి చేతికివ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆదివారం పొద్దున్నే రెండు బస్సులు మారి తానే వచ్చింది.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గేటు దగ్గర దిగిన శంకరవ్వ చంకలో పెద్ద మూట. యాభై మందిమి చుట్టూ మూగాం.

"ఏందిరా, నన్ను గిట్ల సూస్తుండ్రు? నేనేమన్న సినిమాదాన్ననుకున్నరా?" అంది ఆమె.

"నీకంటె పెద్ద సినిమాది ఎవరవ్వా ఇయ్యాల!" అన్నాడు శ్యాంసుందర్.

మెస్సు అరుగు మీద మూట విప్పింది. మడతలు మడతలుగా తెల్లని బట్ట. మడత నాలుగు మూలలా పచ్చగా, తడితడిగా పసుపు. "కొత్తబట్ట గదా బిడ్డా. పసుపు పెట్టకుండ ఇస్తనా? నిండుగ పెట్టిన," అంది గర్వంగా.

మేము నలుగురం తలో కొస పట్టుకుని విప్పాం. ఒక మడత విప్పితే పసుపు మరక. ఇంకో మడత విప్పితే ఇంకో మరక. బస్సులో మూట మీద మూట పడి, తడి పసుపు మడత మడతకూ దిగిపోయింది. చీరకైతే మూలన పెట్టిన పసుపు మూలనే ఉంటుంది. ఇది చీర కాదు. అంత పెద్ద బట్టను అరచేతుల వెడల్పుకు మడిచి మూలల్లో పెట్టిన పసుపు, విప్పేసరికి బట్టంతా వరసలు వరసలుగా అచ్చుపడింది.

శ్యాంసుందర్ నోరు ఊరుకోలేదు. "ఇది తెరనా, చిర్తపులి తోలా?"

కొందరు నవ్వారు. శంకరవ్వ ముఖం వాడిపోయింది. దశరథం తల్లి వైపు చూసి, అదేమంత విషయం కాదన్నట్టు, "ఏం గాదవ్వా. దూరంకెల్లి వస్తివి, ముందుగాల తిను పో," అని ఆమెను మెస్సులోకి పంపించాడు. మరుక్షణం తెర కట్టడానికి తాళ్ళు వెతకాలంటూ స్టోరు వైపు పోయాడు. కళ్ళు తుడుచుకోవడానికే పోయాడని నా అనుమానం.

"అయిదు నిమిషాల పని రా ఇది! ఉతికి పారేద్దం పట్టుండ్రి!" అన్నాడు శ్యాంసుందర్.

ఇంట్లో ఒక్కరోజూ బట్ట ఉతికి ఎరుగని వాళ్ళం. హాస్టల్లో ఉతకడానికి చాకలి ఉండేవాడు. ఉత్సాహానికి మాత్రం కొదవ లేదు. బట్టను బావి దగ్గరికి మోసుకుపోయి, నీళ్ళు గుమ్మరించి, ఎవరి పెట్టెలో ఉన్న బట్టల సబ్బు వాళ్ళు తెచ్చి, ఒక్కో మరకను ఇద్దరిద్దరం పట్టుకుని రుద్దాం. రుద్దిన చోటల్లా పసుపు కాస్తా ఎర్రబడింది. ఇంకా రుద్దాం. చిక్కటి ఎరుపైంది.

"అరే, ఖూనీ అయినట్టున్నదిరా!" అని శ్యాంసుందర్ సబ్బు వదిలేసి వెనక్కి గెంతాడు.

మా గోల విని మెస్సులోంచి శంకరవ్వ ఎంగిలి చేత్తోనే వచ్చింది. వెనక వంటాయన అంబదాస్. అంబదాస్ ఆదిలాబాద్ అవతల, మరాఠీ మాట్లాడే ఊరివాడు. ఎంత పెద్ద మూకుడైనా ఒంటిచేత్తో దించేవాడు. "కాయ్ ఝాలా? ఏమైంది భావూ?" అంటూ వచ్చి, బట్టను చూసి నెత్తి పట్టుకున్నాడు.

"పసుపుకు సబ్బు పెట్టిండ్రా!" శంకరవ్వ నోరు నొక్కుకుంది. "పసుపుల సున్నం కలిపితె ఏమైతదిరా? పారాణి గాదా? సబ్బైనా గంతే. మీ అవ్వలు మీకు గింతన్న చెప్పలేదా కొడుకా?"

"మా అవ్వ నాకు పారాణి పెట్టలేదవ్వా, నాకింక పెండ్లి గాలే," అన్నాడు శ్యాంసుందర్. శంకరవ్వ ఏడవబోయి నవ్వేసింది.

తాళ్ళు భుజాన వేసుకుని వచ్చిన దశరథం మా మధ్యలో నిలబడ్డాడు. బట్టను చూశాడు. సరిగ్గా అప్పుడే సీతారాంరావు సారు, వాకింగ్ కర్రతో, గుట్ట వైపునుంచి వచ్చారు.

"ఏమయ్యా దశరథం. ఇదేనా అద్దం లెక్క తెర?"

"ఇదే సార్."

"హోలీ పోయిన వారం అయిపోయింది గదా."

"పోయింది సార్."

సారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. "అధ్యక్షుల వారు పొద్దుగూకేసరికి వస్తరు. అప్పటికి ఇది తెల్లగ లేకపోతె, ఆయన కారు తిరిగిపోయేటప్పుడు నీ సినిమా రేకుపెట్టె గుడ పంపిస్త. జర ఆలోచించుకో." కర్ర టక్కుటక్కుమనిపిస్తూ వెళ్ళిపోయారు.

అందరి కళ్ళూ దశరథం మీద. అంబదాసే ముందు నోరు తెరిచాడు. "పుల్లమజ్జిగ ఉంది. నిన్నటి కుండ నిండా ఉంది. మా ఆయి, మా అమ్మ, చీరకు గిట్లనే అయితే మజ్జిగల వేసేది. ఎరుపు విరుగుతది."

"ఎరుపు విరిగి మళ్ళ పసుపైతది. పసుపెట్ల పోవాలె?" అంది శంకరవ్వ. "ఎండల ఆరేస్తె పోతది గని, నా చీర కొంగుకు రెండు దినాలు పట్టింది. ఇంత బట్టకు ఒక్క పూటల ఎట్లయితది?"

దశరథం తలెత్తి బావి వెనక బండ వైపు చూశాడు. ఎండకు ఆ బండ నుంచి ఆవిరి లేస్తున్నట్టు గాలి కదులుతోంది. అతని ముఖంలోకి మళ్ళీ ఆ బస్సు దగ్గరి వెలుగు వచ్చింది.

"అవ్వా, నీ కొంగు దండెం మీద ఆరింది. దీన్ని బండ మీద పరుద్దం. మీద ఎండ, కింద బండ. ఆరనీయొద్దు, తడుపుకుంటనే ఉందం. రండిరా!"

"గీ ఎండకు మనం నల్లగైతం, తెర తెల్లగైతదా?" అన్నాడు శ్యాంసుందర్.

"నువ్వింకెంత నల్లగైతవు, ఎత్తు!" అని అరిచారు అందరూ.

ఆ మధ్యాహ్నం లాంటి మధ్యాహ్నం నా జీవితంలో మళ్ళీ రాలేదు. అంబదాస్ మజ్జిగకుండ తెచ్చి మరక మరకకూ పోశాడు. ఎరుపు మా కళ్ళముందే విరిగి పసుపుగా మారుతుంటే గోల గోల చేశాం. మంచినీళ్ళతో జాడించాం. బండ మీద పరిచాం. బావి నుంచి బండ దాకా వరుసగా నిలబడి బకెట్లు చేతులు మార్చాం. బండ కాళ్ళకు చురుక్కుమంటే ఒకడు గెంతి ఇంకొకడి మీద పడేవాడు. భోజనాల వేళ దాటినా ఎవడూ పోలేదు. చూసి చూసి అంబదాసే జొన్నరొట్టెల గంప, పచ్చిపులుసు బండ దగ్గరికి మోసుకొచ్చాడు. శంకరవ్వ తువ్వాలు నెత్తికి చుట్టుకుని బట్ట చుట్టూ తిరుగుతూ, "గీడ తడుపు! గా మూలకు నీళ్ళు అందలే! ఓ దొరా, రొట్టె తినుడు ఆపి జర గిటు పొయ్యి!" అని ఆజ్ఞలు ఇచ్చేది. శ్యాంసుందర్‌రావుకు ఇంట్లో ఎవరూ అట్లా పని చెప్పి ఉండరు. అతను మాత్రం "వస్తున్న అత్తమ్మా" అంటూ పరుగెత్తాడు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి పసుపు నిమ్మపండు రంగుకు వచ్చింది. పడమటికి వాలేసరికి వెన్నరంగు. ఆ తర్వాత, ఎక్కడ మరక ఉండేదో వేలు పెట్టి చూపిద్దామన్నా దొరకలేదు. ఒక్కచోట తప్ప. పన్నాలు కలిపి కుట్టిన చోట బట్ట మూడు మడతలు. ఆ కుట్టు లోపల సబ్బు దాక్కున్నట్టుంది. పైకుట్టు మీద, నడిమికి కొంచెం పక్కగా, రూపాయి బిళ్ళంత ఎర్రటి చుక్క. మజ్జిగ పోశాం, నీళ్ళు పోశాం. కదలలేదు.

"పోనీ," అన్నాడు దశరథం. "పొద్దు గూకుతుంది. కట్టుండ్రి."

మెస్సులో బల్లలు గోడకు జరిపి తెర కట్టాం. కాలేజీ వాళ్ళే కాక పక్క ఊరి జనం కిటికీలకు వేలాడారు. ముందు వరసలో అధ్యక్షుల వారు, పక్కన సీతారాంరావు సారు. సారు తెర వైపు చూశారు, చుక్కను చూశారు. అద్దాలు తుడుచుకున్నారు. మిషను దగ్గర దశరథం. అతని పక్కన బెంచీ మీద శంకరవ్వ. ఆమె అంతవరకు సినిమా చూడలేదు.

లైట్లు ఆరాయి. మిషను టకటకమంది. తెర మీద వెలుగు పడింది. మనుషులు కదిలారు, మాట్లాడారు! ఒక్కసారి లేచిన ఈలలకు పెంకులు ఎగిరిపోతాయేమో అనిపించింది.

అది నలుపు తెలుపు సినిమా. అందులో ఒకే ఒక్క రంగు ఉంది. మా ఎర్రచుక్క. మొదట అది సినిమాలో మామగారి బట్టతల మీద పడింది. హాలంతా కిసుక్కుమంది. తర్వాత దుర్మార్గుడి ముక్కు మీద కూర్చుంది. "జలుబైందిరా వానికి!" అన్నాడు శ్యాంసుందర్. ఒక బర్రె కొమ్ము మీద కాసేపు నిలిచింది. ఇక జనానికి కథ మీద ధ్యాస లేదు. హీరోయిన్ ఎప్పుడు చుక్క కిందికి వస్తుందా అని ఎదురుచూపు. ఆమె ఏడుస్తూ గది ఈ కొసనుంచి ఆ కొసకు నడుస్తోంది.

"అక్కా, జర ఎడమకు!"

"ఇంకింత! ఇంకింత రా!"

"అయ్యో, దాటిపోయిందిరా!"

సీతారాంరావు సారు వెనక్కి తిరిగి చూశారు. దశరథం మిషను వెనక బిగుసుకుపోయాడు. గొడవగా ఉందని ఆట ఆపిస్తారేమో అని నాకూ అనిపించింది. సారు మళ్ళీ తెర వైపు తిరిగారు. తెర మీద హీరోయిన్ కిటికీ దగ్గర ఆగింది. కళ్ళు తుడుచుకుంది. తల కొంచెం పైకెత్తింది. ఎర్రచుక్క వచ్చి సరిగ్గా ఆమె నొసట నిలబడింది.

హాలు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు, బల్లల మీద దరువులు. ఆ అరుపుల్లో ముందు వరస నుంచి ఒక గొంతు, "ఆఁ! పడ్డది!" అనడం అందరికీ వినపడింది. అది సీతారాంరావు సారు గొంతు.

ఆట అయిపోయాక లైట్లు వెలిగాయి. అధ్యక్షుల వారు నవ్వుకుంటూ కారెక్కారు. సారు మిషను దగ్గరికి వచ్చారు. శంకరవ్వ గబగబా లేచి నిలబడింది.

"సారూ, తప్పు నాదే. పసుపు నేనే పెట్టిన."

"మంచిపని చేసినవమ్మా," అన్నారు సారు. తర్వాత దశరథం వైపు తిరిగి, "ఏమయ్యా, వచ్చే ఆదివారం ఏం సినిమా?" అన్నారు.

దశరథం నోరు తెరిచేలోగా మేమే అరిచాం. ఏం అరిచామో మాకే తెలియదు.

ఆ తర్వాత దశరథం డిగ్రీ పూర్తిచేసి అదే కాలేజీ ల్యాబులో ఉద్యోగంలో చేరాడు. టీవీలు వచ్చి ఎవరి గదిలో వాళ్ళకు బొమ్మ కనపడే రోజుల దాకా ప్రతి ఆదివారం ఆ మిషను తిప్పాడు. తెరలు మారాయి. కొత్త తెర వచ్చిన ప్రతిసారీ పిల్లలు, "చుక్క ఏది సార్?" అని అడిగేవాళ్ళు. అతను నవ్వి వేలికి తడి పసుపు అద్దుకుని, ఒక్క మూలన మాత్రం, చిన్నగా పెట్టేవాడు. పోయిన ఏడు అతని ఆఖరి ప్రయాణానికి మేమంతా వెళ్ళాం. శ్యాంసుందర్ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, జర ఎడమకు" అని గొణిగి భోరుమన్నాడు.

కానీ నాకు గుర్తుండేది ఆ మొదటి ఆదివారమే. జనం వెళ్ళిపోయారు. అంబదాస్ బల్లలు జరుపుతున్నాడు. చివరి రీలు వెనక్కి చుట్టడానికి దశరథం మిషను మళ్ళీ తిప్పాడు. టకటక, టకటక. శంకరవ్వ చెవి ఒగ్గి వింది.

"మన సాంచ లెక్కనే మోగుతున్నదిరా," అంది.

"అవునవ్వా. ఇగ నాకు ఈడ నిద్ర పడతది. నాయనకు చెప్పు."